431 పుస్తకాలు, ఒకే ఒక్క సర్వరు

సంక్రాంతి సెలవుల్లో కూర్చుని లెక్కపెడితే నేను కొని ఇంకా చదవని పుస్తకాలు 431 తేలాయి. చదివినవి వేరే. సగం చదివి వదిలేసినవాటిని ఎటు వెయ్యాలో తెలీక చదవనివాటిలోనే వేశాను. అన్నీ ఎక్సెల్ షీటులోకి ఎక్కించాక కింద ఆ మొత్తం చూస్తే ప్రొడక్షన్ సర్వర్లో లాగ్ ఫైలు గుర్తొచ్చింది. ఎవరూ తెరిచి చూడరు, అది మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఇదెలా పెరిగిందో పెద్ద రహస్యమేం కాదు. వారానికి సగటున మూడు పుస్తకాలు ఇంటికొస్తాయి. చాలావరకు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీంచి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, నాంపల్లిలో దిగితే మిగతాది నడకే, అంత తేలిక చేసి పెట్టారు మరి. డిసెంబర్లో హైదరాబాద్ బుక్ ఫెయిరూ, జనవరిలో బెజవాడ పుస్తకాల పండగా వచ్చాయంటే ఆ సగటు కూడా పాడైపోతుంది కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోవట్లేదు. ఇక చదవడమంటారా, నెలకి రెండు. రిలీజున్న నెలలో ఒకటైతే గొప్ప. రెండే అనుకున్నా ఏడాదికి 156 లోపలికొస్తే 24 బయటికెళ్తాయన్నమాట. నేనీ ఊరొచ్చి మూడున్నరేళ్ళు. మిగతాది ఎక్కం. సొంతూరెళ్ళిన ఆదివారాలు తీసేస్తే లెక్క దాదాపు సరిపోయింది.

ఇంజినీరింగులో క్యూల గురించి చదువుకున్నాం కదా. వచ్చే రేటు, పని పూర్తయ్యే రేటు కంటే ఎక్కువుంటే ఆ క్యూకి అంతు ఉండదు. జాన్ లిటిల్ అనే ఆయన 1961 లో ఒక సూత్రం నిరూపించాడు. ఏ క్యూలోనైనా సగటున ఎంతమంది ఉంటారంటే, వచ్చే రేటుని ఒక్కొక్కరు అక్కడ గడిపే సగటు సమయంతో గుణిస్తే వచ్చేంత. బ్యాంకు కౌంటరుకైనా, టోల్ గేటుకైనా, మనం రాసే వెబ్ సర్వర్లకైనా ఇదే. నా గుట్టకి మాత్రం ఇది పనికిరాదు. ఆ సూత్రానికి వ్యవస్థ నిలకడగా ఉండాలన్న షరతుంది, ఇక్కడ ఉన్నదల్లా నిలకడగా పెరగడం :-)

సరే, ఇవాళ్టినుంచి ఒక్క పుస్తకం కూడా కొనను అని ఒట్టేసుకున్నా 431 చదవడానికి 18 ఏళ్ళు పడుతుంది. నాకిప్పుడు 28. అదీ వరసలో చదివితే. ఎవరు చదువుతారు వరసలో? నిన్న కొన్నదే ముందు తెరుస్తాం. పైన పెట్టినది పైనుంచే తీస్తాం, అడుగునున్నది అడుగునే ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో దీన్ని స్టార్వేషన్ అంటారు. మొట్టమొదట కొన్న పుస్తకాలు మూడున్నరేళ్ళుగా పస్తున్నాయి పాపం.

ఈ జబ్బున్నవాళ్ళు చెప్పుకునే ఓదార్పులు రెండున్నాయి. ఒకటి జపాన్ వాళ్ళ మాట, త్సుండోకు. కొని, చదవకుండా పేర్చిపెట్టడానికి మెయిజీ కాలం (1868-1912) నుంచే వాళ్ళకో పేరుందట. పేరుంది కాబట్టి తప్పు కాదని మనవాళ్ళ వాదన. మధుమేహానికీ పేరుంది. రెండోది ఉంబెర్తో ఎకో ఇంట్లో ఉన్న 30 వేల పుస్తకాల కథ. నసీమ్ తాలెబ్ 2007 లో వచ్చిన తన బ్లాక్ స్వాన్‌లో దాని గురించి రాస్తూ, చదివిన పుస్తకాల కంటే చదవనివే విలువైనవని తేల్చాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఎకో ప్రొఫెసరు, అవన్నీ ఆయనకి పనిముట్లు. అర్ధరాత్రి ఏదో సందేహం వస్తే లేచి తీసి చూసుకునే రకం. నా గుట్టలో ఉన్నవేమో నవలలు, ఆత్మకథలు, కథల సంపుటాలు. అర్ధరాత్రి నాకొచ్చే సందేహం బిల్డు ఎందుకు పగిలిందని.

అయినా కొనడం ఆపాలని నాకు అనిపించట్లేదు. దానికి కారణం ఉంది, ఆ కారణం తెలుగు పుస్తకాలకే ప్రత్యేకం అనుకుంటాను. పేరున్న ఇంగ్లీషు పుస్తకం ఇవాళ కొనకపోతే మునిగిపోయేదేం లేదు, పదేళ్ళ తర్వాతైనా ఆన్‌లైన్లో దొరుకుతుంది. తెలుగు పుస్తకం అలాక్కాదు. మామూలుగా వేసేదే వెయ్యి కాపీలు. చాలాసార్లు రచయితే చేతి డబ్బులు పెట్టుకుని వేయించుకుంటారు. అవి అయిపోతే మళ్ళీ వేసేదెవరో, ఎప్పుడో చెప్పలేం. అందుకే ఫుట్‌పాత్ మీద, వెనకట్ట మీద 5 రూపాయలు అని అచ్చయి, లోపల పెన్సిల్‌తో 80 అని రాసున్న పుస్తకం కనిపిస్తే రెండో ఆలోచన ఉండదు. ఇవాళ వదిలేస్తే వచ్చే ఆదివారం ఉండదు. అసలు సర్వరు ఎప్పుడు పడిపోతుందో తెలీనప్పుడు లోకల్‌గా ఒక కాపీ పెట్టుకుంటాం కదా, ఇదీ అంతే.

"పీడీఎఫ్‌లున్నాయి కదా, ఎందుకీ బరువు" అంటారు కొందరు. ఉన్నాయి, దానికి మన వాళ్ళకే దండం పెట్టాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994 లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపిన మిలియన్ బుక్ ప్రాజెక్టు, దాన్లో భాగంగా నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వల్ల వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. డీఎల్ఐ సైటు తర్వాత మూతపడినా, ఆ స్కాన్లు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. నా హార్డ్ డిస్కులోనూ ఓ ఫోల్డరు నిండా ఉన్నాయి. అందులో ఎన్ని చదివానని మాత్రం అడక్కండి. బరువులేని గుట్ట కూడా గుట్టే.

కాబట్టి కొనడం సమస్య కాదని అనుకుంటూ ఉండగా ఇంకో ప్రశ్న తగులుకుంది. అసలు ఆబిడ్స్‌కి ఈ పుస్తకాలన్నీ ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? మొదటి పేజీ తిప్పితే తెలుస్తుంది. "చిరంజీవి చెల్లాయికి, పుట్టినరోజు కానుకగా" అని 1974 నాటి సిరా. గుండ్రటి స్టాంపు, వరస నెంబరు, దాని మీద కొట్టివేత. ఇంటిపేరుతో సహా పొందిగ్గా రాసుకున్న సంతకం. అవన్నీ ఒకప్పుడు ఎవరెవరివో గుట్టలు.

మా టీములో ఒకతని నాన్నగారు తెనాలి దగ్గర తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక ఇల్లు అమ్మేద్దామనుకున్నారు. పిల్లలు ముగ్గురూ మూడు దేశాల్లో, ఇతనొక్కడే ఇక్కడ. ఇల్లు ఖాళీ చేసేముందు నాకు ఫోన్ చేశాడు. "నాన్న పుస్తకాలున్నాయిరా, నీకు కావల్సినవి వచ్చి తీసుకో. రెండు లైబ్రరీల్లో అడిగాను, చోటు లేదన్నారు." వెళ్ళాను. ముందు గదిలో మూడు బీరువాలు, మంచం కింద రెండు ట్రంకు పెట్టెలు. వెయ్యికి కొంచెం తక్కువుంటాయేమో. నా రెండు బ్యాగుల్లో పట్టినవి 31. మిగతావి మర్నాడు పాతపేపర్ల అతను తూకానికి తీసుకెళ్ళాడు. మా వాడు బాధపడ్డాడు, కానీ అతను మాత్రం ఏం చేస్తాడు? అతనుండేది కొండాపూర్లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు.

ఆ 31 ఇంటికి తెచ్చి చూస్తుంటే ఒకటి గమనించాను. మాస్టారికి చదివినంతమేరా మార్జిన్లో పెన్సిల్‌తో చిన్న చిన్న గీతలు పెట్టుకునే అలవాటుంది. కొన్నింట్లో ఆ గీతలు చివరి పేజీదాకా ఉన్నాయి. కొన్నింట్లో 40 వ పేజీ దగ్గరో, 112 వ పేజీ దగ్గరో ఆగిపోయాయి. తొమ్మిదింట్లో అసలు గీతే లేదు. ఆయనకీ ఓ క్యూ ఉందన్నమాట. రిటైరయ్యాక తీరిగ్గా చదువుదామనుకునుంటారు.

అప్పుడర్థమైంది నా లెక్కలో లొసుగెక్కడుందో. గుట్టకి ఒక్కటే బయటి దారి పెట్టాం, నేను చదవడం. అది జరక్కపోతే మిగిలేది పాతపేపర్ల తక్కెడ. ఇన్ని రిక్వెస్టులకి ఒకే ఒక్క సర్వరు పెట్టి, అది నెమ్మదిగా ఉందని తిట్టుకుంటూ కూర్చోవడం ఏ డిజైను? లోడు పెరిగితే ఏం చేస్తాం? సర్వర్లు పెంచుతాం.

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదు. ఆబిడ్స్ నుంచి నడిచెళ్ళగలిగే దూరంలో, సుల్తాన్ బజార్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901 లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటివాళ్ళు పూనుకుని పెట్టారు. అటు వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నాటిది. ఒక్క పుస్తకం కొంటే ఊరంతా చదవాలన్నది వాళ్ళ లెక్క. మనకి జీతాలు పెరిగి, ఎవరి కాపీ వాళ్ళు కొనుక్కునే స్తోమతొచ్చి, ఆ లెక్క మర్చిపోయాం.

మరి చదివేవాళ్ళేరీ? ఆఫీసులో అడిగితే ముగ్గురు తెలుగులో సినిమా టైటిల్స్ తప్ప చదవలేమన్నారు, ఒకరు ఆడియో ఉందా అన్నారు. చదివేవాళ్ళు మా అపార్టుమెంటులోనే ఉన్నారు, నేను చూసే వైపు లేరంతే. మా వాచ్‌మన్ వనపర్తి నుంచొచ్చాడు. వాళ్ళమ్మాయి ఎనిమిదో తరగతి, తెలుగు మీడియం. ఉగాదినాడు ఆ పిల్లకో జానపద నవల ఇచ్చాను. ఆరో రోజు తలుపు కొట్టింది. "అన్నా, గిది అయిపోయింది, ఇంకోటి ఉన్నదా?" ఆరు రోజులకొకటి! నాకు పదిహేను రోజులు. అంటే ఆ సర్వరు నాకంటే రెండున్నర రెట్లు వేగం, పైగా దానికి మీటింగుల గొడవ లేదు.

రెండో సర్వరు మూడో ఫ్లోరు మామ్మగారు. కొడుకూ కోడలూ ఆఫీసులకెళ్ళాక సాయంత్రం దాకా ఒక్కరే. ఓ పాత నవల ఇస్తే అట్ట చూసి, "ఇది వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు చదివాను నాయనా. మధ్యలో మావారికి బదిలీ అయ్యి చివరి భాగాలు దొరకలేదు. ఆ పిల్లకి పెళ్ళయిందో లేదో ఇన్నాళ్ళూ తెలీనేలేదు" అన్నారు. నాలుగు రోజుల్లో చదివేసి, పెళ్ళయిందని నాకూ చెప్పేశారు. ఆ నవల ఇక నేను చదవక్కర్లేదు :-)

పద్ధతి పెద్దదేం కాదు. నా చేతిలోకి రాకుండా రెండేళ్ళు దాటిన పుస్తకమైతే, అది ఎవరికి నచ్చుతుందో ఒక మనిషి పేరు ఆలోచిస్తాను. "ఎవరికైనా" అనుకుంటే కదలదు, పేరుండాలి. ఇచ్చి, ఎక్సెల్‌లో రాసుకుంటాను. అరుదైనవి మాత్రం ఆర్కైవ్‌లో స్కాను ఉందో లేదో చూశాకే కదుపుతాను. లేకపోతే, రచయిత పోయాక 60 ఏళ్ళ కాపీరైటు గడువు దాటినవాటిని ముందు నేనే స్కాను చేసి పెడుతున్నాను. ఓ యాభై పుస్తకాలు నావి, అవి నేనే చదవాలి, వాటికి ప్రాక్సీ లేదు.

ఇప్పటికి 38 బయటికెళ్ళాయి. 27 తిరిగొచ్చాయి, కొన్ని ఇక రావు, పర్లేదు. ఎక్సెల్‌లో "నేను చదవనివి" అనే కాలమ్ పేరు తీసేసి "ఎవరూ చదవనివి" అని మార్చాను. మా టెస్టరు ఇది విని, టెస్టు ఫెయిలైతే టెస్టునే మార్చేసినట్టుంది అంది. కావచ్చు. కానీ మూడున్నరేళ్ళలో మొదటిసారి ఆ కాలమ్ మొత్తం కిందికి దిగింది, మధ్యలో ఒక్క ఆదివారం కూడా మానలేదు.

మాస్టారి పుస్తకాల్లో గీత 112 వ పేజీ దగ్గర ఆగిపోయింది ఒకటుందని చెప్పాను కదా, అదిప్పుడు మామ్మగారి దగ్గరుంది. నిన్న లిఫ్టులో కనిపిస్తే ఎంతవరకూ వచ్చిందని అడిగాను. నూటయాభై దాటిందట.