నీట తేలు ఇటుక

మా పాఠశాల బాలురు తీరికవేళ తలకొక పాత్రను ధరించి, కాకతీయుల నాటి కథ నొకదానిని మాటలతో నడుపుచు ఆడుకొందురు. ఒకనాడు శిల్పి పాత్రధారియైన బాలుడు, “మా గుడి విమానమునకు నీట తేలు ఇటుకలు పేర్చితిమి” అనెను. మేము నవ్వి, కోతలు కోయకుమని మందలించితిమి. వాడు తల వంచుకొనెను, ఆట నిలిచిపోయెను.

పిదప గ్రంథములు చూచి సిగ్గుపడితిమి. 1213లో పాలంపేటలో రేచర్ల రుద్రుడు కట్టింప నారంభించిన రామప్ప గుడి ఇసుకరాతిది. చెక్కిన స్తంభములు, దూలములు కఠినశిలలవి. విమానపు ఇటుకలు మాత్రము సూక్ష్మరంధ్రములతో నీట తేలునంత తేలికైనవి. వానివలన క్రింది కట్టడముపై బరువు తగ్గినది.

మఱునాడు తరగతిలో నందఱి యెదుట మా తప్పు నొప్పుకొంటిమి. తనకు తెలియనిదానిని అబద్ధమనుట చదివినవానికి తగదు. ఆట మరల సాగినది. మాకును ఒక పాత్ర దయచేసిరి: ఇటుకలు మోయు కూలివాడు!