తాబుంగ్ హాజీ నీడలో

"అబ్బా, మీ కళ్లతో చూసి రండి. మీరు వద్దంటే మానేస్తాను."

హైదరాబాదులో ఎం.బి.ఎ. ఫైనాన్స్ చదువుతున్న మా అబ్బాయి ఫోనులో ఈ మాట అన్నప్పుడు నేను కౌలాలంపూర్ ప్రయాణానికి సామాను సర్దుకుంటున్నాను. గుంటూరు మిర్చి ఎగుమతి చేసే మా సంస్థ పనిమీద అయిదు రోజుల ప్రయాణమది. వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కు వాడి ముందు రెండు దారులున్నాయి. ఒకటి హైదరాబాదులోని పెట్టుబడుల సలహా సంస్థ. రెండవది కౌలాలంపూర్‌లోని ఇస్లామీయ ఆర్థిక సంస్థ. రెండవచోట వేతనం లేదు. విమాన చార్జీలు, బస, భోజనం మనవే. నగలు బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు తెద్దామని వాడి అమ్మీ అన్నది. నేను కాదనలేదు, అవుననలేదు.

శుక్రవారం జుమా నమాజుకు మస్జిద్ జామెక్ చేరాను. క్లాంగ్, గోంబాక్ నదులు కలిసేచోట 1909లో వెలసిన మస్జిద్ అది. బురదనేల సంగమం అనే అర్థంగల ఊరి పేరు ఈ చోటునుంచే పుట్టింది. దానికి చేరువలోనే లెబుహ్ అంపాంగ్ వీధి. ఒకప్పుడు తమిళనాడు నుంచి వచ్చిన చెట్టియార్ల వడ్డీ వ్యాపారానికి పేరుపొందిన వీధి. ఒకవైపు సజ్దా చేసే నేల, మరొకవైపు అప్పుపత్రాలు రాసిన అరుగులు. మా ఇంటి నగలు గుర్తుకొచ్చాయి.

నమాజు తరువాత, ఇక్కడ ఇస్లామీయ ఆర్థికశాస్త్రం చదువుతున్న కేరళ యువకుడొకరు పరిచయమయ్యాడు. తున్ రజాక్ రహదారిపైనున్న తాబుంగ్ హాజీ భవనం చూపడానికి తీసుకువెళ్లాడు. నడుము సన్నగా, పైనా కిందా వెడల్పుగా, డమరుకాన్ని నిలబెట్టినట్లుండే 38 అంతస్తుల కట్టడం. దాని అయిదు స్తంభాలు ఇస్లాం అయిదు మూలస్తంభాలకు ప్రతీకలట.

భవనంకన్నా దాని చరిత్ర నన్ను కదిలించింది. హజ్ యాత్రకోసం మలయ్ రైతులు వడ్డీకి భయపడి బ్యాంకు గడప తొక్కేవారు కారు. డబ్బు ఇంట్లో దాచేవారు. చాలకపోతే పొలాన్నీ పశువులనూ అమ్ముకొని, తిరిగివచ్చాక పేదరికంలో పడేవారు. దీనికి పరిష్కారంగా ఆర్థికవేత్త ఉంగ్కు అజీజ్ 1959లో వడ్డీలేని పొదుపు పథకాన్ని ప్రతిపాదించారు. 1963లో ఆ సంస్థ డిపాజిట్లు స్వీకరించడం మొదలుపెట్టింది. రైతు కొద్దికొద్దిగా దాచుకుంటాడు. సంస్థ ఆ ధనాన్ని ధర్మసమ్మతమైన వ్యాపారాలలో పెట్టి లాభం పంచుతుంది. ఆ తరువాత 1983లో ఇస్లామీయ బ్యాంకింగ్ చట్టం, బ్యాంక్ ఇస్లాం వచ్చాయి. ఈ విద్యకోసమే ఇన్‌సీఫ్ విశ్వవిద్యాలయం 2005లో ఏర్పడింది.

వడ్డీ లేని ఆర్థికవిధానం నేర్వడానికి వడ్డీకి అప్పు తేవడమా? ఈ ప్రశ్న ఆ భవనం ముందు నిలబడేదాకా నాకు తట్టలేదు. సిగ్గనిపించింది.

సంగతి విని ఆ యువకుడు మృదువుగా అన్నాడు: "చాచా, ఇక్కడి బ్యాంకులో మురాబహా, ఇజారా ఒప్పందాలు కౌంటరు దగ్గరే కనబడతాయి. మన దేశంలో ఆ అవకాశం లేదు. కానీ బ్యాలెన్స్ షీటు చదవడం రానివాడికి ఇక్కడ రెండు నెలలూ కాగితాలు సర్దడంతోనే సరిపోతుంది. సందర్శక వీసాపై వచ్చి ఇంటర్న్‌షిప్ చేయరాదు. ఆ అనుమతి సంస్థే ముందుగా తెప్పించాలి. అది రాతపూర్వకంగా అడిగారా?"

మేము అడగలేదు.

ఇంతకూ స్వదేశంలో నేర్వదగినది లేదా? మనకు ఇస్లామీయ బ్యాంకులు లేవుగాని షరీఅత్ నియమాలకు లోబడిన పెట్టుబడులున్నాయి. 1996లో మొదలై నేడు టాటా ఎథికల్ పేరుతో నడుస్తున్న ఫండ్ ఉంది. నిఫ్టీలో షరీఅత్ సూచీ ఉంది. మద్యం, జూదం, వడ్డీ వ్యాపారం చేసే కంపెనీలను తొలగించి, మిగిలినవాటి అప్పుల పాళ్లు లెక్కకట్టే విద్య హైదరాబాదులో కూర్చొని నేర్వవచ్చు. ఆ ఊరికి ఈ విషయం కొత్తదీ కాదు. ఉస్మానియా ఆర్థికశాస్త్ర శాఖాధిపతి అన్వర్ ఇక్బాల్ ఖురైషీ వడ్డీ సిద్ధాంతంపై 1946లోనే ఆంగ్లగ్రంథం వెలువరించారు. హైదరాబాదులో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ అక్కడి వడ్డీరహిత రుణ సంఘాల గురించి లోకానికి తెలిపారు.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేశాను. "నగలు బీరువాలోనే ఉండనీ" అన్నాను వాడి అమ్మీతో. అబ్బాయితో, "విదేశం వద్దనడం లేదు నాన్నా. వేతనమో, మన సొంత పొదుపో ఉంటే, చేయించే పనేమిటో ముందే తెలిస్తే తప్పక వెళ్లు. ఈ వేసవి మాత్రం హైదరాబాదు" అన్నాను.

కొంతసేపు మౌనం. వాడి ఆశ నాకు తెలుసు. చివరకు, "అయితే ఈ నెలనుంచే ఒక ఖాతాలో వేద్దాం అబ్బా, తాబుంగ్ హాజీలాగా" అన్నాడు.

తిరిగివచ్చిన వారంలోనే మొదటి రెండువేలు పక్కనపెట్టాము. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, హలాల్ ఉపాధిని ప్రసాదించుగాక. ఆమీన్.