వెబ్ పేజీ తెచ్చుకునే మర్యాద

పీహెచ్‌పీలో ఫైల్_గెట్_కంటెంట్స్ అని ఒక్క లైను రాస్తే చాలు, ఎక్కడి వెబ్ పేజీ అయినా మన సర్వర్‌కి వచ్చేస్తుంది. ఆ తేలిక నాకిప్పటికీ ఇష్టమే. కానీ టైమౌట్ మనం పెట్టకపోతే, అవతలి సర్వర్ ఉలకనప్పుడు స్క్రిప్ట్ మామూలుగా 60 సెకన్ల దాకా ఎదురుచూస్తుంది. అంతసేపు ఎవరాగుతారు? అందుకే కర్ల్ అనే లైబ్రరీ వైపు మొగ్గుతాను. కనెక్షన్‌కి ఇంత, మొత్తం పనికి ఇంత అని గడువు విడివిడిగా పెట్టొచ్చు, స్టేటస్ కోడ్ చూసుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, అవతలి సర్వర్ కూడా ఎవరో డబ్బు కట్టి నడుపుతున్నదే, దానిపై అనవసర భారం వేయకపోవడం మర్యాద. 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించిన, ఏ పేజీల జోలికి రావద్దో ప్రోగ్రాములకు చెప్పే రోబోట్స్.టీఎక్స్‌టీ ఫైలు ఆ మర్యాద కోసమే. అది చదవండి. పేజీ మారిందా అని ముందు అడగండి. మారకపోతే చాలా సర్వర్లు 304 అని చిన్న జవాబిస్తాయి, దాచుకున్న కాపీ వాడుకోవచ్చు. లూప్ పెట్టి సెకనుకోసారి మాత్రం లాగకండి, దయచేసి.