ముట్టు

మా అమ్మ ప్రార్థనకి షిఫ్టుల లెక్క ఉండేది. బాపు శ్రీరాంపూర్ ఏరియాలో ఒక బాయిలో కోల్ ఫిల్లర్. మొదటి షిఫ్టయితే పొద్దున ఏడింటికి, రెండో షిఫ్టయితే మధ్యాహ్నం మూడింటికి, నైట్ షిఫ్టయితే రాత్రి పదకొండింటికి అమ్మ ఎక్కడుంటే అక్కడే ఒక్క నిమిషం ఆగిపోయేది. పొయ్యి ముందు కావచ్చు, నల్లా దగ్గర కావచ్చు. మోకాళ్ళూనడం, చేతులు జోడించడం ఏమీ లేవు. కొంగు తలమీదికి లాక్కుని పెదాలు కదిలించేది, అంతే. ఎనిమిది గంటల తర్వాత బాపు సైకిల్ చప్పుడు వినబడగానే మళ్ళీ ఒక్క నిమిషం. మొదటి నిమిషం అడుక్కోవడానికి, రెండో నిమిషం స్తోత్రం చెప్పుకోవడానికి. నేనెరిగిన మొదటి క్రైస్తవం ఇదే. సండేస్కూలు, క్రిస్మస్ నాటకాలు, వాక్యాలు కంఠస్థం చేయడాలు అన్నీ తర్వాత వచ్చినవి.

ఆదివారం ప్లేడే దొరికితే జీతం ఎక్కువ వస్తుంది కాబట్టి బాపు బాయికి పోయేవాడు, నేనూ అమ్మా చర్చికి పోయేవాళ్ళం. మా బస్తీలో చాలా ఇళ్ళల్లో అంతే. అందుకే మా రేకుల చర్చిలో చాప మీద కూర్చునేవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళు, ముందు కుర్చీల్లో కూర్చునే పెద్దలు మాత్రం అందరూ మగవాళ్ళు. చిన్నప్పుడు ఇది నాకు వింతగా అనిపించలేదు. ఇల్లూ అట్లాగే ఉండేది కదా.

హైదరాబాదులో పిహెచ్.డి. చేసే రోజుల్లో అనిపించడం మొదలైంది. నా పరిశోధన తెలుగు స్త్రీల కథల్లో శరీరం గురించి. స్త్రీ సంఘంలో మౌనంగా ఉండాలన్న పౌలు మాటలు అప్పటికే నాకు ముల్లులా గుచ్చుకుంటున్నాయి. నెలకోసారి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో మంచిర్యాల వచ్చినప్పుడు అమ్మ కోసం చర్చికి వెళ్ళేదాన్ని గానీ, మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇచ్చేటప్పుడు లేచేదాన్ని కాదు. అది నా నిరసన. 2015లో ఒక ఆదివారం గమనించాను, అమ్మ కూడా లేవడం లేదు. పైగా ఎప్పుడూ ముందు కూర్చునే మనిషి చివరి వరసలో గోడకానుకుని కూర్చుంటోంది. "ఏమైందమ్మా?" అంటే "ఏం గాదు బిడ్డా" అంది. చర్చిలో ఎవరితోనో మాటా మాటా అనుకుని ఉంటుందనుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ళకు పైగా, నేనొచ్చిన ప్రతి మొదటి ఆదివారమూ ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, పళ్ళెం మమ్మల్ని దాటిపోతుంటే చూశాం. నేను సిద్ధాంతం కోసం మానేశాను. అమ్మ నెత్తురు వల్ల మానేసింది. ఆ సంగతి నాకు తెలియదు.

2017 డిసెంబరులో అమ్మ నల్లా దగ్గర పడిపోయింది. బిందె చేతిలోనే ఉందట. కరీంనగర్ తీసుకెళ్ళాం. హిమోగ్లోబిన్ ఐదు. డాక్టరమ్మ "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగితే అమ్మ బాపు వంక చూసింది, నా వంక చూసింది, తర్వాత గోడకేసి చూస్తూ "నాలుగేండ్ల సంది" అంది.

నాలుగేళ్ళు. నేను సినాప్సిస్ రాసి, అధ్యాయాలు రాసి, సెమినార్లలో స్త్రీ శరీరం గురించి పత్రాలు చదివిన నాలుగేళ్ళు అవి. కంపెనీ ఆసుపత్రి ఉంది, మాకు ఉచితమే. కానీ అక్కడికి పోతే బాపుతో పనిచేసేవాళ్ళ భార్యలు కనబడతారు, ఏమని అడుగుతారు, ఏం చెప్పాలి? అందుకని ఆర్ఎంపీ దగ్గరికి పోయింది. సూదులు వేయించుకుంది. మెడలో గుండ్లు కుదువబెట్టింది. ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో ఏ పరీక్షా చేయకుండానే గర్భసంచి తీసేద్దామన్నారట. భయపడి వచ్చేసింది. ఆ ఒక్క భయంలో తప్పేమీ లేదని తర్వాత అర్థమైంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మన ఆడవాళ్ళ గర్భసంచులకు దేశంలో అందరికంటే ఎక్కువ జబ్బులు వస్తాయా? అమ్మకు మాత్రం చివరికి ఆపరేషన్ నిజంగానే అవసరమైంది. పెద్ద గడ్డలు. ముందు రక్తం ఎక్కించి, తర్వాత చేశారు.

రక్తం ఎక్కుతున్న రాత్రి అడిగాను, బల్ల ఎందుకు మానేశావని. ఇంట్లో అయితే చెప్పేది కాదేమో. "ముట్టుతోని బల్లకాడికి రావద్దన్నరు. నాకు ముట్టు ఆగితేగద బిడ్డా." ఎవరన్నారో చెప్పలేదు. చర్చిలో పెద్దామె ఒకరు అని తర్వాత తెలిసింది. ఆమెకు ఇంకెవరో చెప్పి ఉంటారు.

మా చర్చిలో ఆదివారం పూట రక్తం అనే మాట ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కబెట్టలేం. పాటల్లో రక్తం, ప్రార్థనలో రక్తం, బల్ల దగ్గర గిన్నెలో రక్తం. మగవాడైన దేవుడి రక్తం కడుగుతుంది, శుద్ధి చేస్తుంది. అమ్మ రక్తం మాత్రం గోడకానుకుని కూర్చోవాలి. నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపంలోనే అమ్మ దిండు కింద ఉన్న బైబిలు తీసి మార్కు సువార్త అయిదో అధ్యాయం తెరిచాను. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ. సండేస్కూల్లో వందసార్లు విన్నదే. కానీ ఒక స్త్రీ పక్కన కూర్చుని, సీసాలోంచి బొట్టు బొట్టుగా దిగుతున్న రక్తాన్ని చూస్తూ చదవడం అదే మొదటిసారి.

కథలో ఇద్దరున్నారు. ఒకాయన యాయీరు, సమాజమందిరపు అధికారి. ఆయనకు పేరుంది, హోదా ఉంది, చావుబతుకుల్లో ఉన్న పన్నెండేళ్ళ కూతురుంది. యేసు ఆ ఇంటికే బయల్దేరాడు. దారిలో ఈమె. పేరు లేదు. ఆ పిల్ల పుట్టిననాటి నుంచీ ఈమెకు నెత్తురు పోతూనే ఉంది. ఎందరో వైద్యుల దగ్గరికి పోయిందనీ, ఉన్నదంతా ఖర్చయిందనీ, రోగం తగ్గకపోగా ముదిరిందనీ మార్కు రాశాడు. లూకా వైద్యుడని క్రైస్తవ సంప్రదాయం చెబుతుంది. ఆయన ఇదే కథ రాస్తూ రోగం ముదిరిందన్న మాట వదిలేశాడు. వృత్తి అభిమానమేమో అనిపించి ఆసుపత్రిలో కూడా నవ్వొచ్చింది.

లేవీయకాండం పదిహేనో అధ్యాయం ప్రకారం అట్లాంటి స్త్రీ పడుకున్న పరుపు అపవిత్రం, కూర్చున్న చోటు అపవిత్రం, వాటిని తాకినవాళ్ళు సాయంత్రం దాకా అపవిత్రం. ఆమె గుంపులోకి రావడమే తప్పు. వచ్చింది. వెనకనుంచి వచ్చి ఆయన బట్టను ముట్టింది. మత్తయి, లూకా రాసినదాన్ని బట్టి ఆమె తాకింది అంచు. యూదు మగవాళ్ళు బట్టల అంచులకు కుచ్చులు వేసుకోవాలని సంఖ్యాకాండంలో ఉంది. గ్రీకు మూలంలోని మాట ఆ కుచ్చులకు కూడా వర్తిస్తుందంటారు. అంటే ధర్మశాస్త్రాన్ని గుర్తుచేసే గుర్తునే ఆ ధర్మశాస్త్రం వెలివేసిన స్త్రీ పట్టుకుందన్నమాట. మన తెలుగు బైబిలులో ఆ మాట చెంగు. మత్తయి అనువాదకులకు ఆ మాట ఎట్లా తట్టిందో గానీ, నాకు మాత్రం అది అమ్మ చెంగే. సంతలో తప్పిపోతామన్న భయంతో పిల్లలం పట్టుకునేది అదే కదా.

ఇంకో మాట దగ్గర ఆగిపోయాను. మన భాషలో ముట్టడం అంటే తాకడం. ముట్టు అంటే నెలసరి. తాకకూడని రోజులకు తాకడం పేరే పెట్టుకున్నాం. అంటు కూడా అంతే, అంటరానితనం కూడా అక్కడిదే. మా నాయనమ్మ చెప్పేది, తమ కులం కాని మనిషి తనను మొదటిసారి ముట్టుకున్నది మిషన్ ఆసుపత్రిలో కాన్పు చేసిన నర్సమ్మేనని. పది మాటలు చెబితే అందులో ఈ మాట ఉండేది. ముట్టుకునే దేవుడని కదా మావాళ్ళు ఈ దేవుడి దగ్గరికి వచ్చారు! వచ్చాక, ముట్టు పేరు చెప్పి మా ఆడవాళ్ళను మళ్ళీ చివరి వరసలో కూర్చోబెట్టాం. నంద్యాలలో సిఎస్ఐ సంఘానికి ఒక స్త్రీ, పుష్పలలిత గారు, 2013లో బిషప్ అయ్యారు. మాది ఆ సంఘం కాదు. ఆ వార్త పేపర్లో చదివి నేను గర్వపడిన ఏడాదే అమ్మకు నెత్తురు పోవడం మొదలైంది.

కథ అక్కడితో అయిపోతే బాగుండునని ఆ రాత్రి అనిపించింది. ముట్టింది, బాగుపడింది, గుంపులో కలిసి వెళ్ళిపోవచ్చు. కానీ యేసు ఆగి, నన్ను ముట్టింది ఎవరని అడుగుతాడు. ఇంతమంది మీద పడుతుంటే ఆ ప్రశ్నేమిటని శిష్యులంటారు. ఆయన చుట్టూ చూస్తూనే ఉంటాడు. ఎందుకు ఆమెను అందరి ముందుకీ లాగడం? డాక్టరమ్మ అడిగినప్పుడు అమ్మ గోడకేసి చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఈ ప్రశ్న మత్తయిలో లేదు. మార్కు, లూకా ఎందుకు ఉంచారు?

మళ్ళీ చదివాను. ఆమె వణుకుతూ వచ్చి ఉన్నదంతా చెప్పిందని మార్కు రాశాడు. పన్నెండేళ్ళ కథ ఒక్క నిమిషంలో అయిపోదు. ఆయన మధ్యలో ఆపలేదు. ఒకవైపు అధికారి కూతురు చనిపోతోంది, ఆయన ఇంటి మనుషులు ఆ వార్త మోసుకుని రానే వచ్చారు. ఈయన నడిరోడ్డు మీద నిలబడి ఒక ఆడమనిషి నెత్తురు కథ వింటున్నాడు. విన్నాక ఆమెను కూతురా అని పిలిచాడు. సువార్తల్లో ఒక స్త్రీని ఆయన నేరుగా అట్లా పిలిచింది ఇక్కడొక్కచోటే. ఆమె తాకినందుకు తాను శుద్ధి చేసుకోవాలన్న ప్రస్తావనే రాలేదు. రోగం ఒంట్లో తగ్గితే సరిపోదు, నువ్వు అంటరానిదానివి కావని అదే గుంపు వినాలి. అందుకోసం ఆమె మాట్లాడాలి. మా చర్చిలో ఈ కథ మీద ప్రసంగాలు చాలా విన్నాను. అన్నీ ఆమె విశ్వాసంతో ముట్టడం గురించే. ఆమె మాట్లాడటం గురించి ఎవరూ చెప్పలేదు.

అక్కడినుంచి యేసు యాయీరు ఇంటికి పోయి చనిపోయిన పిల్ల చెయ్యి పట్టుకుని లేపుతాడు. శవాన్ని ముట్టడమూ మైలే. తర్వాత ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమంటాడు. ఆ రాత్రి నన్ను ఏడిపించింది అద్భుతాలు కాదు, ఈ ఒక్క మాట. అచ్చం మా అమ్మ మాటలా ఉంది.

పొద్దున అమ్మకి ఇదంతా చెప్పాను, కొంచెం పాఠం చెప్పినట్టే. కళ్ళు మూసుకుని వింది. "అవును, నిలవడ్డడు గద" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

2018 ఎండాకాలంలో స్త్రీల కూడికలో అమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. మామూలుగా ఏం చెబుతారో మీకు తెలిసే ఉంటుంది. అనారోగ్యం వచ్చింది, ప్రభువు కాపాడాడు, స్తోత్రం. అమ్మ అట్లా చెప్పలేదు. "నాకు నాలుగేండ్లు నెత్తురు వోయింది. సిగ్గుకు ఎవ్వలికి చెప్పలే. నా బిడ్డకు సుత చెప్పలే. బల్లకాడికి రాకపోతిని. రావద్దన్నోళ్ళు ఇక్కడ్నే ఉన్నరు, నాకు కోపం లేదు. గాయన నిలవడి విన్నడని రాసున్నది. మీకేమన్న ఉంటే దాసుకోకుండ్రి, చెప్పుండ్రి." ఎవరూ స్తోత్రం అనలేదు. కూడిక నడిపించే ఆమె గబగబా ఒక పాట ఎత్తుకుంది. నాకు చేతులు చల్లబడ్డాయి. సెమినార్ హాళ్ళలో ఇంతకంటే పెద్ద మాటలు అలవోకగా మాట్లాడినదాన్ని నేను.

బయట చెప్పులు వేసుకుంటుంటే ఒకామె అమ్మ చెయ్యి పట్టుకుంది. తర్వాత ఇంకొకామె. ఆ నెల్లోనే అమ్మ ఇద్దరిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయింది. ఒకామెకు మందులతోనే తగ్గింది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. సంఘం ఏ తీర్మానమూ చేయలేదు. పాస్టరుగారు ఏ ప్రసంగమూ చేయలేదు. మొదటి ఆదివారం చివరి వరస మాత్రం కొంచెం కొంచెంగా ఖాళీ అవుతూ వచ్చింది. ఎవరు ఏ రోజుల్లో ఉన్నారో అమ్మ అడగదు. పక్కన కూర్చోబెట్టుకుంటుంది, లేచేటప్పుడు భుజం మీద చెయ్యి వేసి లేపుతుంది.

నేను మళ్ళీ విశ్వాసినయ్యానా అని స్నేహితులు అడుగుతుంటారు. పౌలుతో నా తగాదా అట్లాగే ఉంది. ముందు కుర్చీల్లో ఇప్పటికీ మగవాళ్ళే. కానీ మంచిర్యాలలో ఉంటే అమ్మతోపాటు లేచి బల్ల తీసుకుంటున్నాను. అందరూ తొందరపెడుతుంటే దారిలో ఆగి ఒక స్త్రీ కథ చివరిదాకా విన్న మనిషిని వదులుకోవడం నావల్ల కాలేదు. రోజువారీ విశ్వాసం అంటే ఇప్పుడు నాకు అదే, ఆగి వినడం. నాలుగేళ్ళు నేను చేయని పని.

బాపు 2019లో రిటైరయ్యాడు. అయినా అమ్మ ఏడింటికీ, మూడింటికీ, పదకొండింటికీ ఆగుతూనే ఉంది. ఇప్పుడెవరి కోసమంటే, "అందరు లోపటికి దిగే యాళ్ల గద" అంటుంది.

ఇది రాస్తానని ఫోన్ చేసి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. సువార్తల్లో పేరు లేని ఆ స్త్రీకి తర్వాతి కాలపు కథలు వెరోనికా అని పేరు పెట్టుకున్నాయి. మా అమ్మకు రెండు పేర్లున్నాయి. ఒకటి సర్టిఫికెట్లలోది, ఒకటి బాప్తిస్మంలోది. క్రైస్తవులైన దళితులను ఎస్సీలుగా లెక్కించని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సిక్కుల కోసం 1956లో, బౌద్ధుల కోసం 1990లో మారింది గానీ మాకోసం మారలేదు. మా ఇళ్ళల్లో రెండు పేర్ల వెనక ఆ కథ ఉంటుంది. ఏ పేరు రాయమంటావని అడిగాను.

"పేరెందుకు బిడ్డా, ఆమెకు మాత్రం ఉన్నదా? జరిగింది జరిగినట్టు రాయి" అంది. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"ఇంతకు తిన్నవా?" అంది.