ఇంటికి సొగసు... నరసాపురం లేసు

టీవీ మీద తెల్లటి లేసు గుడ్డ, సోఫా వీపుకి మరొకటి, టీపాయ్ మీద గుండ్రంగా ఇంకొకటి... ఓ పాతికేళ్ల కిందట బాపట్ల జిల్లా చుండూరయినా, పక్కనున్న తెనాలయినా మధ్యతరగతి ఇళ్ల ముందుగదుల్లో తరచూ కనిపించిన అలంకరణ అది. టీవీలు గోడకెక్కాక ఆ గుడ్డల్లో చాలామటుకు బీరువాల్లోకి చేరాయి. కానీ లేసుకు పేరుపడ్డ ఊరు మాత్రం ఇప్పటికీ అల్లుతూనే ఉంది. అదే నరసాపురం!

చుండూరులో రైలెక్కి తెనాలి మీదుగా విజయవాడ చేరితే, అక్కణ్నుంచి గుడివాడ, భీమవరం దాటుకుంటూ వెళ్లే లైను నరసాపురంలో ఆగిపోతుంది. ఆపైన పట్టాల్లేవు. ఊరిని ఒరుసుకుని వశిష్ఠ గోదావరి, కాస్త దూరంలో సముద్రం. పశ్చిమగోదావరి జిల్లాలోని ఈ ఊరి చుట్టుపక్కల పల్లెల్లో మధ్యాహ్నం వంటపని తెమిలాక ఆడవాళ్లు అరుగుల మీదకి చేరతారు. చేతిలో దారపుండ, కొస వంగిన చిన్న సూది. కబుర్లు సాగుతుంటే వేళ్ల మధ్య పువ్వులు విచ్చుకుంటాయి.

దొరసానులు నేర్పిన విద్య

గోదావరి తీరానికి ఈ అల్లికను తెచ్చింది క్రైస్తవ మిషనరీలు. 1844 ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పారని చెబుతారు. మొదట క్రైస్తవ కుటుంబాల్లో మొదలై, తర్వాత గోషా పాటించే ఇళ్లకూ పాకింది. గడప దాటకుండా నాలుగు డబ్బులొచ్చే పని మరి!

ఆ రోజుల్లో ఇంగ్లండులో మగవాళ్లు తలకి మకాసర్ నూనె దట్టంగా పట్టించేవారు. ఆ జిడ్డు కుర్చీలకు అంటకుండా వెనక్కి ఆనుకునేచోట పరిచే గుడ్డకి ‘యాంటీమకాసర్’ అనే పేరొచ్చింది. కొబ్బరినూనె రాసుకునే మన ఇళ్లకీ అది చక్కగా నప్పింది.

పువ్వొకరిది... అతుకొకరిది

లేసుకి మగ్గం అక్కర్లేదు, మిషను అక్కర్లేదు. దారాన్ని సూదితో లాగి ముందు గొలుసు అల్లుతారు. దాన్ని చుట్టూ తిప్పుతూ పువ్వు కడతారు. పువ్వులు ఒకరు అల్లితే, వాటిని అతికేది ఇంకొకరు, అంచు వేసేది మరొకరు. ఏజెంటు దారం ఇచ్చి, అల్లినవి పట్టుకెళతాడు. ఉతికి ఇస్త్రీ అయ్యాక అవే టేబుల్ క్లాత్‌లు, కుషన్ కవర్లు, పళ్లెం కింద వేసే డాయిలీలై ఐరోపా, అమెరికా దేశాలకు ఓడెక్కుతాయి.

చిక్కల్లా ‘ఖాళీ సమయంలో చేసుకునే పని’ అన్న మాటతోనే వచ్చింది. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నరసాపురం ప్రాంతంలో పరిశోధన చేసి, 1982లో పుస్తకం ప్రచురించారు. ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నా వీళ్లను కార్మికులుగా ఎవరూ లెక్కించడం లేదని ఆమె తేల్చారు. గృహిణి సరదాగా చేస్తోందనుకుంటే కూలీ కూడా సరదాకిచ్చినట్టే ఉంటుంది కదా! మెడనొప్పి, కళ్లమంట మాత్రం సరదాగా వదిలిపెట్టవు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పట్టణం పక్కనే రుస్తుంబాదలో లేసు పార్కూ ఉంది. అయినా అమ్మ అల్లికను కూతురు అందుకోవడం తగ్గుతోంది. చవకగా దొరికే యంత్రపు లేసు ఒకవైపు, గల్ఫ్ ప్రయాణాలూ, రొయ్యల ఫ్యాక్టరీల్లో నెల జీతాలూ మరోవైపు. గంటలకొద్దీ కూర్చుంటే వచ్చేదెంతో ఈ తరం అమ్మాయిలు లెక్క వేసుకుంటున్నారు. అందులో తప్పేముంది?

మీ ఇంట్లో ఇలా...

* తెల్ల లేసు తెల్లటి బల్ల మీద కలిసిపోతుంది. కింద మెరూన్, ముదురు నీలం లాంటి రంగు గుడ్డ పరిస్తే పువ్వు పువ్వూ విడిగా కనిపిస్తుంది.

* టేకు బల్లయితే మొత్తం కప్పేయొద్దు. మధ్యలో పొడవుగా ఓ పట్టీ చాలు. చెక్క అందమూ నిలుస్తుంది.

* పాత లేసు గుడ్డ ఉంటే ఫ్రేము కట్టించి గోడకి పెట్టొచ్చు. కుషన్ కవరు మీద కుట్టించుకున్నా బాగుంటుంది.

* చల్లటి నీళ్లలో తేలికపాటి సబ్బుతో ఉతకండి. మెలి తిప్పి పిండకూడదు, తీగమీద వేలాడదీయకూడదు. తువ్వాలు మీద పరిచి ఆరబెట్టాలి. పల్చటి గంజి పెట్టి వెనకవైపు ఇస్త్రీ చేస్తే నిగనిగలాడుతుంది.

* కొనేటప్పుడు పూలను దగ్గరగా చూడండి. అన్నీ అచ్చుగుద్దినట్టుంటే యంత్రానివి కావచ్చు. ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా ఉంటే అది చేతి గుర్తు!

ధర విని ‘ఇంత చిన్న గుడ్డకా’ అనేముందు అందులోని పువ్వులు ఓసారి లెక్కపెట్టండి. ఒక్కో పువ్వు వెనకా ఎవరో ఒకామె మధ్యాహ్నం ఉంది. ఆ మధ్యాహ్నానికి సరైన వెల దక్కితేనే రేపటి పువ్వు పూసేది.