కొండగట్టుకు ఎప్పుడు నడవాలి?

పిల్లలూ! నిజామాబాదు జిల్లాలో, ఆర్మూరుకు దగ్గరలో వేల్పూరు అనే ఊరుంది. మాఘమాసంలో మీరు ఆ వైపు వెళితే, ఊరు కనబడక ముందే పసుపు వాసన మీకు ఎదురువస్తుంది. తవ్వి తెచ్చిన పసుపు కొమ్ములను ఉడికించి, కళ్లాలలో ఎండబోస్తారు. చూసినంత మేరా నేల పచ్చగా మెరుస్తూ ఉంటుంది.

మీ ఇల్లు ఆ ఊళ్లోనే ఉందనుకోండి. వానకాలంలో మీకు జ్వరం వచ్చింది. ఎన్నాళ్లకూ తగ్గలేదు. అప్పుడు మీ నాయనమ్మ, "నా బిడ్డకు నయమైతే కొండగట్టు అంజన్న దగ్గరికి నడిచి వస్తాను," అని మొక్కుకున్నది. మందులు వాడారు, జ్వరం తగ్గింది. ఇక మొక్కు తీర్చాలి. ఎప్పుడు బయలుదేరాలి?

ఇది చిన్న ప్రశ్న కాదు. వేల్పూరు నుంచి కొండగట్టు 80, 90 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. మోర్తాడు, కమ్మర్‌పల్లి, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల దాటి వెళ్లాలి. నాయనమ్మ రోజుకు 20 కిలోమీటర్లు నడిచినా, నాలుగైదు రోజులు పడుతుంది. ముసలి ప్రాణం! కాలం తప్పు ఎంచుకుంటే మొక్కు మాట అటుంచి, మనిషికే ముప్పు.

వానకాలంలో వెళ్లవచ్చునా? మహారాష్ట్రలో అలా వెళ్లేవారున్నారు. ఆళంది, దేహూ అనే ఊళ్ల నుంచి జ్ఞానేశ్వరుని, తుకారాముని పాదుకలను పల్లకీలలో పెట్టుకుని, లక్షల మంది సుమారు 250 కిలోమీటర్లు నడిచి, ఆషాఢ శుద్ధ ఏకాదశికి పండరిపురం చేరుతారు. వారిలో రైతులు ఎందరో! అయితే వారి వెంట గుడారాలు, వంట సామాన్లు, నీళ్ల బండ్లు వస్తాయి. నాయనమ్మ వెంట అవేమీ రావు. తడిసిన పాదాల చర్మం మెత్తబడి, త్వరగా బొబ్బలు ఎక్కుతుంది. చెట్టు కింద నిలబడితే పిడుగు భయం. పైగా జూన్ నెలలో తొలకరి పడగానే వేల్పూరులో పసుపు నాటాలి.

పోనీ, చలికాలం? నడకకు ఇంతకంటే మంచి కాలం లేదు. ఎండ మెత్తగా ఉంటుంది, దాహం తక్కువ. కాని ఇక్కడే ఒక చిక్కు ఉంది. జూన్‌లో నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలకు చేతికి వస్తుంది. అంటే జనవరి నుంచి తవ్వకం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం. తవ్విన పసుపును పచ్చిగా వదిలేస్తే పాడవుతుంది. ఇంటిల్లిపాదీ పనిలో ఉంటారు. అప్పుడు నాయనమ్మకు తోడు ఎవరు వెళతారు?

చివరకు మిగిలింది ఎండాకాలం. మే నెలలో ఈ ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. అయినా కొండగట్టుకు ఎక్కువ మంది నడిచేది ఎండాకాలంలోనే! ఎందుచేత? చైత్ర పౌర్ణమి చిన్న హనుమాన్ జయంతి, వైశాఖ బహుళ దశమి పెద్ద హనుమాన్ జయంతి. 41 రోజులో, 21 రోజులో, 11 రోజులో దీక్ష పట్టినవారు కాషాయ బట్టలతో నడిచివెళ్లి, కొండ మీద మాల తీస్తారు. అందుచేత దారిలో తోడు దొరుకుతుంది.

ఈ రెండింటిలో ఏది మేలు? 2025లో చిన్న జయంతి ఏప్రిల్ 12న, పెద్ద జయంతి మే 22న వచ్చాయి. నలభై రోజుల తేడా! పెద్ద జయంతి నాటికి పసుపు అమ్ముడుపోయి చేతులు ఖాళీ అవుతాయి. మీకు బడి సెలవులు కూడాను. కాని ఎండ ముదిరిపోతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె దగ్గరపడుతుంది. ముసలివారికీ, పసిపిల్లలకూ ఆ ఎండే అన్నింటికంటే ప్రమాదం.

వెన్నెల సంగతి కూడా చూడండి. పౌర్ణమికి ముందు రాత్రులలో చంద్రుడు పొద్దు గూకేసరికే ఆకాశంలో ఉంటాడు. సాయంత్రం నడిచేవారికి దీపం పెట్టినట్టే. బహుళ పక్షంలో అష్టమి, నవమి నాడు చంద్రుడు అర్ధరాత్రి దాటాక గాని రాడు. సాయంత్రమంతా చీకటే. తెల్లవారుజామున నడిచేవారికి మాత్రం అతడు తోడుంటాడు.

అందుచేత నాయనమ్మకు చైత్ర పౌర్ణమే మంచిది. తిథి దేవుడిది, దాన్ని మార్చలేము. కాని ఏ గంటలో నడవాలో మన చేతిలో ఉంది. నల్లని తారు రోడ్డు పగలంతా ఎండను తాగుతుంది. గాలి 42 డిగ్రీలు ఉన్నప్పుడు రోడ్డు 60 డిగ్రీలకు చేరవచ్చు. పొద్దు గూకినా ఆ వేడి వెంటనే పోదు. రోడ్డు బాగా చల్లబడేది తెల్లవారుజామునే. కాబట్టి మూడున్నరకు లేచి, నాలుగింటికి నడక మొదలుపెట్టి, ఎనిమిదింటికల్లా నీడ చేరాలి. మళ్లీ ఆరింటి తరువాతే కదలాలి. చీకట్లో నడిచేటప్పుడు తెల్లని బట్ట కప్పుకొని, చేతిలో దీపంతో, ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకు కుడి పక్కన నడవాలి.

దాహం వేయక ముందే నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి తాగాలి. చెమట ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. తాగే నీళ్లు తగ్గితే చెమటా తగ్గుతుంది. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ! వెంటనే నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్లు తుడుస్తూ, 108కి ఫోను చేయాలి. అప్పుడు నడక ఆపడం మొక్కు తప్పడం కాదు.

మరి మీ సంగతి? ఏప్రిల్‌లో మీకు పరీక్షలు. వేల్పూరు మండలంలో పనికి పోయే పిల్లలందరినీ బడిలో చేర్చామని 2001 అక్టోబరు 2న ప్రకటించారు. అటువంటి చోట బడి మానడం బాగుండదు గదా! నడిచే మొక్కు నాయనమ్మది, మీది కాదు. మీరు శ్రద్ధగా చదువుకోండి. పరీక్ష లేని రోజైతే, పౌర్ణమినాడు బాపుతో బస్సెక్కి కొండగట్టుకు వెళ్లండి. మెట్ల దగ్గర నిలబడండి. నాలుగైదు రోజుల దుమ్ముతో, ఎర్రబడిన కాళ్లతో నాయనమ్మ వస్తుంది. "వచ్చినవా బిడ్డా!" అంటూ ముందుగా మీ నుదురు తాకి చూస్తుంది, జ్వరం లేదు గదా అని.

అప్పుడు ఆమె చేతికి చెంబెడు చల్లని నీళ్లు అందించండి.