ఎండ, అక్రిలిక్, ఒక నర్తకి

"మామా, రంగు ప్లేట్లోనే ఎండిపోతాంది!"
నిన్న మధ్యాహ్నం మా అక్క కూతురి కేక.

రాయచోటి ఎండలో అక్రిలిక్ అంతే మరి. తడిగా ఉన్నంతసేపే నీళ్ల మాట వింటుంది. ఆరిందా, ఇంక కదలదు.
ప్లేట్లో తడిగుడ్డ, దానిమీద బటర్ పేపర్ పరిచి, రంగు కొంచెం కొంచెమే పిండుకోమన్నా. ఫ్యాను కూడా ఆపించినా. తిట్టుకుంది 😄

వేస్తున్నది కూచిపూడి నర్తకిని. కాటుక కళ్లు, నగలు, జడ... అన్నీ ముద్దుగా కుదిరినాయి.
కానీ బొమ్మ ఆడటం లేదు. ఫోటోకి నిలబడినట్టుంది.

ఫోన్లో లేపాక్షి నాట్యమండపం స్తంభాల మీది శిల్పాలు చూపించినా. 16వ శతాబ్దపు రాయి. రంగు లేదు, కాటుక లేదు. అయినా ఆడుతున్నారు!
నడుము ఒక పక్కకి ఒరిగింది, మోకాలు వంగింది, ఒంటి బరువు ఒక పాదం మీదికి దిగింది. అంతే.

కొత్త కాగితం మీద ముందు తల నుంచి పాదం దాకా ఒకే వంపు గీత గీసింది. తర్వాత మోకాళ్లు వంచిన అరమండి. ఒంటి రంగు, చీర. నగలు చిట్టచివర, సన్న బ్రష్షుతో.
పూత మీద పూత చకచకా వేసుకోవడానికి ఇందాక విసిగించిన ఎండే పనికొచ్చింది.

మనిషిని చూసినా మనకు ముందు కనపడేది నగలే కదా. ఎక్కడ బరువు మోస్తున్నారో ఆఖర్న చూస్తాం, చూస్తే.

అన్నట్టు, మన ఊరి దేవుడు వీరభద్రుడు. కత్తి పట్టి ఊగే వీరనాట్యాన్ని ఎవరైనా రంగుల్లో వేసినారా? వేసుంటే కింద పెట్టండబ్బా, పాపకి చూపిస్తా.